బండి బలమెంతో డబ్బు కట్టకముందే చెప్పండి

కార్ల తయారీ కంపెనీల యాజమాన్యాలకు హైదరాబాద్ మలక్‌పేట నుంచి బహిరంగ లేఖ





“సిటీలో తిప్పుకునే బండికి అంత పవర్ ఎందుకు మేడమ్?”

ఎల్బీనగర్ వైపు ఉన్న ఒక షోరూములో మీ తరఫున కార్లు అమ్మే యువకుడు అన్న మాట ఇది. అడిగినావిడ సైదాబాద్‌లో ఉండే స్కూల్ టీచరు, నా దగ్గర డ్రైవింగ్ నేర్చుకున్నారు. కొటేషన్ రాసిచ్చిన వేరియంట్‌లో ఇంజన్ పవర్ ఎంత అని ఆవిడ అడిగారు. ఒక అంకె చెబితే సరిపోయేది. దాని బదులు ఎదురు ప్రశ్న వచ్చింది. ఆ వెంటనే సన్‌రూఫ్ గురించీ, టచ్ స్క్రీన్ గురించీ ప్రసంగం మొదలైంది. ఆ కంపెనీ పేరు ఇక్కడ రాయను. ఆ మాట ఒక్క షోరూముకే చెందింది కాదు. నేర్పించి చెప్పించినట్టు ఒకే తీరున చాలాచోట్ల విన్నాను. ఆ కుర్రాడి మీద నాకు కోపం లేదు. అతని నోట ఆ మాట పలికిస్తున్న అమ్మకం పద్ధతి మీది, అందుకే ఈ లేఖ మీకు రాస్తున్నాను.

కార్లు నడపడం నేర్పి బతికేవాణ్ణి నేను. నేర్చుకున్నవాళ్లు బండి కొనే రోజు “అన్నా, ఒకసారి నువ్వు కూడా వచ్చి చూడు” అంటే తోడు వెళ్తుంటాను. మలక్‌పేట, మూసారాంబాగ్, దిల్‌సుఖ్‌నగర్, సరూర్‌నగర్, వనస్థలిపురం. ఈ వరుసలో మీకు బేరాలు బాగా తగులుతాయని మీకు తెలుసు, అందుకే మెట్రో లైను పొడవునా మీ హోర్డింగులు. ఇక్కడి కొనుగోలుదారు ఎవరో కూడా మీకు తెలుసు. మలక్‌పేట మార్కెట్లో కమీషన్ వ్యాపారం చేసే మనిషి, దిల్‌సుఖ్‌నగర్‌లో బట్టల కొట్టు నడిపే మనిషి, కోచింగ్ సెంటర్లో పాఠం చెప్పే మనిషి. సొంతూరు చౌటుప్పల్ అవతలో, సూర్యాపేట దగ్గరో, కోదాడ దాటాకో ఉంటుంది. ఇంటికి మొదటి కారు అంటే నాలుగు మీటర్ల లోపు చిన్న కారే. ఐదేళ్లో ఏడేళ్లో ఈఎంఐ కడతారు. ఇంతమంది ఇన్నేళ్లు కట్టే డబ్బుకు ఏ ఇంజన్ వస్తుందో మీరు సూటిగా చెప్పడం లేదన్నదే నా ఫిర్యాదు.

పేర్లు పెట్టి, మీరు ప్రకటించిన లెక్కలతోనే మాట్లాడతాను. మన తెలుగు నేల మీద, పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో 2019లో ప్రారంభమైన ప్లాంటు నుంచి వస్తున్న కియా సోనెట్‌ను తీసుకోండి. 2020 సెప్టెంబరులో విడుదలైనప్పుడు దాని ప్రారంభ ధర 6.71 లక్షలు. అప్పుడు ఆ ధరకు దొరికిన హెచ్‌టీఈ వేరియంట్‌లోనూ, దాని పై మెట్టు హెచ్‌టీకేలోనూ పెట్రోల్ అంటే 1.2 లీటర్ ఇంజన్ ఒక్కటే. దాని పవర్ 83 పీఎస్ (హార్స్ పవర్‌కు దాదాపు సమానమైన కొలత), టార్క్ అంటే లాగే బలం 115 న్యూటన్ మీటర్లు. మూడో మెట్టు హెచ్‌టీకే ప్లస్ దాకా ఎక్కితే గానీ 1.0 లీటర్ టర్బో కనపడేది కాదు. దాని పవర్ 120 పీఎస్, టార్క్ 172 న్యూటన్ మీటర్లు. రోడ్డు మీద చూసేవాడికి రెండూ సోనెట్లే. పేరు అదే, ఆకారం అదే, లోపల 37 పీఎస్ తేడా. డీజిల్ సంగతి ఇంకా చిత్రం. ఇంజన్ సైజు రెండింట్లోనూ 1493 సీసీ. చేత్తో గేర్లు మార్చుకునే బండిలో అది 100 పీఎస్ ఇచ్చింది, ఆటోమేటిక్‌లో 115 ఇచ్చింది. టర్బోచార్జర్ రకం వేరు కాబట్టి అంకె వేరు.

ఇది ఒక్క కంపెనీ కథ కాదు. మారుతి వ్యాగన్ ఆర్‌కు 2022లో చేసిన మార్పుల తర్వాత ఎల్ఎక్స్ఐ, వీఎక్స్ఐలలో 1.0 లీటర్ ఇంజన్, సుమారు 67 పీఎస్. జెడ్ఎక్స్ఐకి వెళ్తే 1.2 లీటర్, సుమారు 90. కింది రెండింట్లో సీఎన్‌జీ తీసుకుంటే గ్యాస్ మీద నడిచేటప్పుడు 57. అంటే ఒకే పేరు మోస్తున్న బండ్లలో అన్నిటికన్నా బలమైనది అన్నిటికన్నా బలహీనమైన దానికి ఒకటిన్నర రెట్ల పైమాటే. 2024లో వచ్చిన స్విఫ్ట్‌లో పెట్రోల్ మీద 82 పీఎస్ దాకా ఉంటే, సీఎన్‌జీలో అది 70కి దిగింది. అదే ఏడాది వచ్చిన మహీంద్రా ఎక్స్‌యూవీ 3ఎక్స్‌ఓలో కింది పెట్రోల్ వేరియంట్లకు 111, పై వాటికి 130. హ్యుందాయ్ ఐ20 మాన్యువల్‌లో 83, ఆటోమేటిక్‌లో 88. ఈ ఐదు గుర్రాల తేడాను నేను పట్టించుకోను, రోడ్డు మీద అది తెలియదు. కానీ 57కూ 90కీ, 83కూ 120కీ ఉన్న తేడా పిల్లాపాపలతో బయల్దేరిన ఏ కుటుంబానికైనా తెలుస్తుంది. తెలిసేసరికి బండి ఇంట్లో ఉంటుంది.

మావాళ్లు ఎక్కడ పొరపడుతున్నారో దగ్గరుండి చూసినవాణ్ణి కాబట్టి చెబుతున్నాను. ఇక్కడ బండి గురించి మొదట అడిగేది “ఎన్ని సీసీ?” అని. బైకులు కొన్న రోజుల నుంచి వచ్చిన అలవాటు. వంద సీసీ కన్నా నూట యాభై సీసీ గట్టిదని బైకుల విషయంలో అనుకుంటే చాలావరకు సరిపోయింది. కార్లలో టర్బో వచ్చాక ఆ లెక్క తిరగబడింది. 1197 సీసీ ఇంజన్ 83 ఇస్తుంటే, అంతకన్నా చిన్నదైన 998 సీసీ ఇంజన్ 120 ఇస్తోంది. మార్కెట్లో పప్పుల వ్యాపారం చేసే ఒకాయన రెండు కొటేషన్లు పక్కపక్కన పెట్టుకుని, “వెయ్యి కన్నా పన్నెండు వందలే మేలు కదన్నా, పైగా ధర కూడా తక్కువ” అని నాతో అన్నారు. షోరూములో ఆయన ముందే అడిగారు. “పన్నెండు వందల సీసీ సార్” అని చెప్పారు. ఆ జవాబులో అబద్ధం లేదు. కానీ ఆయన ఏమనుకుంటున్నారో చెప్పినవాడికి తెలుసు, తెలిసీ సరిదిద్దలేదు. సరిదిద్దమని మీరు అతనికి చెప్పారా? చెప్పకపోతే ఆ మౌనానికి జవాబుదారు ఎవరు?

రోడ్డు మీద ఈ అంకెలకు అర్థం ఏమిటో మీ ఇంజనీర్లకు నేను చెప్పనక్కర్లేదు, మీ మార్కెటింగ్ వాళ్లకు మాత్రం చెప్పాలి. సోనెట్‌లోని ఆ 1.2 లీటర్ ఇంజన్ తన పూర్తి టార్క్ ఇచ్చేది 4200 ఆర్‌పీఎం దగ్గర. టర్బో ఇంజన్ 1500 దగ్గరే 172 అందుకుని 4000 దాకా నిలబెడుతుంది. ఐదుగురు కూర్చుని, డిక్కీ నింపి, మే నెల ఎండలో ఏసీ వేసి, ఇబ్రహీంపట్నం దాటాక సాగర్ రోడ్డులో ఒక లారీని దాటాలనుకోండి. ఎదురు వాహనాలు వచ్చే రోడ్డు. టర్బో బండిలో యాక్సిలరేటర్ తొక్కితే ముందుకు జరుగుతుంది. మామూలు ఇంజన్ బండిలో రెండు గేర్లు కిందికి దింపి, ఇంజన్ అరిచేదాకా తొక్కి, అప్పటికీ కాస్త ఆగాలి. ఆ కాస్త సేపూ బండి ఎదురు లైన్లో ఉంటుంది. శ్రీశైలం డ్యామ్ దగ్గరికి దిగి సున్నిపెంట వైపు ఎక్కేటప్పుడూ, పెద్ద అంబర్‌పేట దగ్గర ర్యాంపు ఎక్కి ఔటర్ రింగ్ రోడ్డు మీద పరుగెత్తే బండ్ల మధ్యకు చేరేటప్పుడూ ఇదే. ఆ ఔటర్ మీద 2023 నుంచి వేగ పరిమితి గంటకు 120 కిలోమీటర్లు. అంత వేగంతో వచ్చే బండ్ల ముందుకు 57 పీఎస్ బండితో దూరేవాడికి, తన బండిలో ఎంత ఉందో ముందే తెలిసి ఉండాలా, వద్దా?

సీఎన్‌జీ గురించి విడిగా ఒక మాట. క్యాబ్‌లు నడుపుకునే పిల్లలు ఈ చుట్టుపక్కల చాలామంది ఉన్నారు, వాళ్లు కొనేది గ్యాస్ బండే. కిలోమీటరుకు ఖర్చు తగ్గుతుంది, ఆ నిర్ణయంలో తప్పు లేదు. ఇంజన్ సిలిండర్లలోకి గ్యాస్ వెళ్లినప్పుడు గాలికి చోటు తగ్గుతుంది, పవర్ పడిపోతుంది. వెనకాల గ్యాస్ సిలిండర్ బరువు అదనం. ఇది ప్రకృతి ధర్మం, మీ తప్పు కాదు. కానీ మీరు మైలేజీ అంకెను అడుగు ఎత్తు అక్షరాలతో వేసి, పవర్ ఎంత తగ్గుతుందో దాని పక్కన చెప్పకపోవడం మీరు చేస్తున్నదే. నలుగురు ప్రయాణికులూ వాళ్ల సూట్‌కేసులతో ఎయిర్‌పోర్టుకు వెళ్లే బండి అది. ఆ నలుగురికీ ఇందులో వాటా ఉంది, వాళ్లు మీ షోరూము గడప కూడా తొక్కరు.

నన్ను అన్నిటికన్నా బాధపెట్టేది ఇంకొకటి. కొత్త కారు వచ్చిన నెలకో రెండు నెలలకో నా దగ్గరికి మళ్లీ వచ్చేవాళ్లుంటారు, ఆడవాళ్లే ఎక్కువ. “సార్, ఎత్తు మీద బండి లాగట్లేదు, నాకు క్లచ్ సరిగ్గా రావట్లేదేమో, ఇంకో నాలుగు క్లాసులు చెప్పండి” అంటారు. పక్కన కూర్చుని చూస్తాను. కాలు సరిగ్గానే ఉంటుంది. గేరు సరిగ్గానే పడుతుంది. బండిలోనే అంత లేదు. సర్వీసింగ్‌కు తీసుకెళ్తే కంప్యూటర్ పెట్టి చూసి, ఏ లోపమూ లేదని పంపిస్తారు. నిజమే, లోపం లేదు. ఆ ఇంజన్ ఇచ్చేదే అంత. ఇంట్లో భర్తో కొడుకో “నీకు నడపడం రాదు” అని తేల్చేస్తారు, కొందరు తాళం చెవి పక్కన పెట్టేస్తారు కూడా. పై వేరియంట్‌లో టెస్ట్ డ్రైవ్ ఇచ్చి, కింది వేరియంట్ డెలివరీ చేసిన ఫలితం ఇది. నేను తోడు వెళ్లిన చోట్ల టెస్ట్ డ్రైవ్‌కు తీసిన బండి దాదాపు ఎప్పుడూ పై వేరియంటే. “బండి ఇదే సార్, ఫీచర్లు కొంచెం తక్కువ ఉంటాయి” అని అంటారు. ఇంజన్ వేరు అని ఎందుకు అనరు? ఇంజన్ కూడా ఒక ఫీచరేనా మీ లెక్కలో?

చిన్న ఇంజన్ చెడ్డదని నేను అనడం లేదు. మలక్‌పేట రైల్వే బ్రిడ్జి కింద నుంచి దిల్‌సుఖ్‌నగర్ దాకా సాయంత్రం పూట వెళ్లేవాడికి 67 పీఎస్ అయినా, 120 అయినా ఒకటే. రెండో గేరు దాటే అవకాశమే రాదు. మామూలు పెట్రోల్ ఇంజన్ నిర్మాణం సులువు, దానికి విడిగా టర్బో బాగుచేయించే బెడద ఉండదు. నా దగ్గర సలహా అడిగిన చాలామందికి అదే తీసుకోమని చెప్పాను, ఇక ముందూ చెబుతాను. అన్నీ తెలిసి తక్కువ పవర్ ఎంచుకోవడం వేరు. తెలియనివ్వకుండా అంటగట్టడం వేరు. మొదటిది వ్యాపారం. రెండోదాన్ని ఏమనాలో మీరే చెప్పండి. మలక్‌పేట మార్కెట్‌లో తూకం చెప్పకుండా మిర్చి బస్తా అమ్మితే ఏ రైతూ, ఏ వ్యాపారీ ఊరుకోడు. పది లక్షల వస్తువుకు ఆ పాటి నియమం లేకపోతే ఎలా?

“అదంతా బ్రోచర్లో ఉంది కదా” అంటారు. ఉంది. చివరి పేజీలో, ఇంగ్లిష్‌లో, భూతద్దం కావలసిన అక్షరాల్లో, పట్టిక అడుగున. ఇప్పుడు ఆ బ్రోచర్ కూడా చేతికివ్వరు, వాట్సాప్‌లో పంపుతారు. కానీ హోర్డింగ్ మీద పవర్ అంకె వేసినప్పుడు మాత్రం మొత్తం శ్రేణిలో అతి పెద్దదే వేస్తారు, పక్కన ధర వేసినప్పుడు అతి చిన్నదే వేస్తారు. పై ఇంజన్ పవరూ కింది వేరియంట్ ధరా ఒకే బోర్డు మీద. ఆ రెండూ కలిసి ఉన్న బండి మీ ఫ్యాక్టరీలో ఎక్కడైనా తయారవుతోందా? నక్షత్రం గుర్తు పెట్టి అడుగున “ఎంపిక చేసిన వేరియంట్లలో మాత్రమే” అని రాసేస్తే బాధ్యత తీరిపోయినట్టేనా?

చట్టం అలా అనడం లేదు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం కొనుగోలుదారుడి హక్కులు చెబుతూ, వస్తువు నాణ్యత, పరిమాణం, శక్తి, శుద్ధత, ప్రమాణం, ధర గురించి తెలుసుకునే హక్కును స్పష్టంగా రాసింది. ఆ చట్టం కింద ఏర్పడిన కేంద్ర వినియోగదారుల రక్షణ అథారిటీ 2022 జూన్‌లో తప్పుదోవ పట్టించే ప్రకటనల మీద మార్గదర్శకాలు ఇచ్చింది. ప్రకటనలో చెప్పుకున్న మాట ఏ భాషలో ఉందో వివరణ కూడా అదే భాషలో ఉండాలని, ఆ మాటకు వాడిన అక్షరాల తీరులోనే వివరణ ఉండాలని అందులో ఉంది. దిల్‌సుఖ్‌నగర్‌లో తెలుగులో బోర్డు కట్టి, అడుగున ఇంగ్లిష్‌లో చీమల బారు లాంటి వివరణ ఇస్తున్నవాళ్లు ఆ మార్గదర్శకాలు ఒకసారి తీసి చదవండి. మీ దగ్గర లాయర్లకు కొదవ లేదు.

పైగా ఈ అంకెను రాయడం మీకు కొత్త కాదు. డెలివరీ సమయంలో డీలరు ఇచ్చే సేల్ సర్టిఫికెట్, అంటే ఫారం 21లో, హార్స్ పవర్ లేదా క్యూబిక్ కెపాసిటీ రాయడానికి ఒక గడి ఉంది. రిజిస్ట్రేషన్ దరఖాస్తు ఫారం 20లో హార్స్ పవర్‌కు చోటుంది. ఆర్‌సీ కార్డు మీద కూడా ఉంటుంది. అంటే మలక్‌పేట ఆర్టీఏ ఆఫీసు రికార్డులకు అక్కరకొచ్చిన అంకె, డబ్బు కట్టే మనిషికి కొటేషన్‌లో అక్కరకు రాలేదు. నేను చూసిన కొటేషన్లలో ఎక్స్ షోరూమ్ ధర, లైఫ్ ట్యాక్స్, ఇన్సూరెన్స్, ఫాస్టాగ్, ఎక్స్‌టెండెడ్ వారంటీ, సీటు కవర్లు, మడ్ ఫ్లాపులు అన్నీ వరుసగా ఉన్నాయి. మడ్ ఫ్లాపుకు ఒక గీత కేటాయించిన కాగితంలో ఇంజన్ బలానికి గీత లేదు. ఎందుకు లేదు?

ఈ చిన్న కార్ల మీద ప్రజలకు ఇంకొక హక్కు కూడా ఉంది. మీరు దాన్ని తలుచుకోరు. 2006 బడ్జెట్‌లో కేంద్రం చిన్న కార్ల మీద ఎక్సైజ్ సుంకాన్ని 24 శాతం నుంచి 16 శాతానికి తగ్గించింది. నాలుగు మీటర్ల లోపు పొడవు, పెట్రోల్ అయితే 1200 సీసీ, డీజిల్ అయితే 1500 సీసీ దాటని ఇంజన్ ఉన్న బండ్లకే ఆ మేలు. ఆ గీత ఈనాటికీ నడుస్తోంది. 2025 సెప్టెంబరు 22 నుంచి ఈ తరహా కార్ల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి దిగింది, పెద్ద కార్లకు 40 అయింది. ప్రభుత్వం వదులుకున్న ఆ రాబడి ఎవరిది? మాది. సామాన్యుడి ఇంటికి కారు రావాలని ఇచ్చిన రాయితీ అది. 998 సీసీ టర్బోకూ అదే రాయితీ, 1197 సీసీకీ అదే. అంటే కింది వేరియంట్‌కు గట్టి ఇంజన్ ఇవ్వడానికి పన్ను అడ్డం రావడం లేదు. అడ్డం వస్తున్నది మీరు గీసుకున్న మెట్లు. పైగా ఆ మెట్లెక్కి ధర పది లక్షలు దాటగానే తెలంగాణలో లైఫ్ ట్యాక్స్ శ్లాబు కూడా పైకి జరుగుతుంది. గట్టి ఇంజన్ కావలసినవాడు సన్‌రూఫ్‌కు డబ్బు కడతాడు, ఆ సన్‌రూఫ్ వల్ల పెరిగిన ధర మీద పన్నూ కడతాడు.

టర్బో ఇంజన్ ఖరీదు ఎక్కువని ఒప్పుకుంటాను. ఎంత ఎక్కువో చెప్పమంటున్నాను. సోనెట్ విడుదలైనప్పుడు హెచ్‌టీకే ప్లస్ ఒక్క దగ్గర రెండు పెట్రోల్ ఇంజన్లూ దొరికాయి. 1.2 లీటరుకు 8.45 లక్షలు, టర్బోకు 9.49. గేర్‌బాక్సు తేడా కూడా కలుపుకుని లక్ష చిల్లర. అది నిజాయితీ ఉన్న పద్ధతి. కొనేవాడు లక్ష రూపాయలకు 37 పీఎస్ కావాలో వద్దో తానే తేల్చుకుంటాడు. ఆ ఒక్క మెట్టు మీద చేయగలిగింది కింది రెండు మెట్ల మీద ఎందుకు చేయలేదు? స్టీలు చక్రాలు, మామూలు రేడియో, గుడ్డ సీట్లు, గట్టి ఇంజన్. నల్లగొండ, ఖమ్మం జిల్లాల్లో ఊళ్లకు తిరిగే మనిషికి కావలసింది ఆ బండి. అలాంటి బండి అడిగితే మీ షోరూములో నన్ను వింతగా చూస్తారు.

పేరులోనే పవర్ చెప్పిన రోజులు మన మార్కెట్‌లోనే ఉన్నాయి, మరీ పాతవి కూడా కావు. 2012లో వచ్చిన రెనో డస్టర్ డీజిల్‌ను 85 పీఎస్, 110 పీఎస్ అని విడివిడిగానే అమ్మారు. ఒకే 1.5 లీటర్ ఇంజన్, రెండు బలాలు, కొనేవాడికి ముందే తెలుసు. నేటికీ పాత డస్టర్ అమ్మేవాడు “ఎనభై ఐదా, నూట పదా?” అన్న ప్రశ్నకు జవాబు చెప్పందే బేరం కుదరదు. 2013లో టాటా తన విస్టాలో 90 పీఎస్ డీజిల్‌కు డీ90 అనే పేరు పెట్టింది, మామూలు విస్టా 75. ఫియట్ పుంటోలో కూడా 90 హెచ్‌పీ అని పేరులోనే ఉండేది. అప్పుడు చెప్పుకోవడానికి అడ్డం రానిది ఇప్పుడు ఎందుకు అడ్డం వచ్చింది?

బయటి దేశాల సంగతి మీ కంపెనీల్లో చాలావాటికి నాకన్నా బాగా తెలుసు, అక్కడా అమ్ముతున్నారు కాబట్టి. డాలస్‌లోనో న్యూజెర్సీలోనో మనవాళ్లు కొత్త కారు కొనడానికి వెళ్తే, అద్దానికి అంటించిన ఒక కాగితం కనిపిస్తుంది. ఆ బండికి ఏ ఇంజన్ వేశారు, ఏవి బండితో పాటు వస్తాయి, ఏ అదనపు సామానుకు ఎంత ధర, అన్నీ దాని మీద విడివిడిగా ఉంటాయి. 1958లో అమెరికా చేసిన చట్టం అది. కొన్నవాడు తప్ప ఇంకెవరూ ఆ కాగితం పీకడానికి వీల్లేదు. 2001లో మాజ్డా కంపెనీ అక్కడ మియాటా అనే చిన్న కారుకు 155 హార్స్ పవర్ అని ప్రకటించింది, నిజానికి ఉన్నది 142. తేడా పదమూడు. కంపెనీయే ముందుకొచ్చి, కావాలంటే బండి వెనక్కి తీసుకుంటామంది. అక్కడ అంకె తప్పు, ఇక్కడ మీ పట్టికల్లో అంకెలు తప్పని నేను అనడం లేదు. కానీ పదమూడు గుర్రాలు కొనేవాడికి ముఖ్యమని ఒక దేశంలో ఒప్పుకున్న పరిశ్రమే, ముప్పై ఏడు గుర్రాల తేడా గురించి ఇక్కడ అడిగితే “ఎందుకు మేడమ్” అంటోంది.

భద్రత విషయంలోనూ ఇదే మెట్ల లెక్క నడిపారు. ఎత్తు మీద బండి వెనక్కి జారకుండా పట్టే హిల్ హోల్డ్, మలుపులో బండిని అదుపు చేసే స్టెబిలిటీ కంట్రోల్ చాలా ఏళ్ల పాటు చాలా మోడళ్లలో పై వేరియంట్లకే పరిమితం చేశారు. అంటే ఎత్తు ఎక్కడానికి తక్కువ బలం ఉన్న బండికే జారకుండా పట్టే సాయం కూడా లేదు. తర్వాత ఒక్కొక్కటిగా కిందికి దింపారు. 2024 జనవరిలో వచ్చిన కొత్త సోనెట్‌లో ఆరు ఎయిర్‌బ్యాగులు, స్టెబిలిటీ కంట్రోల్ అన్ని వేరియంట్లకూ ఇచ్చారు. మంచి పని. మీరు తలుచుకుంటే కుదురుతుందని దాంతో తేలింది కదా? ప్రాణానికి సంబంధించిన వాటిని అందరికీ ఇవ్వగలిగినప్పుడు, కనీసం సమాచారాన్ని అందరికీ ఇవ్వడానికి కొత్త ప్రెస్సు కావాలా, కొత్త రోబో కావాలా? దానికయ్యే ఖర్చు కాగితం మీద ఒక గీత.

కాబట్టి అడుగుతున్నాను. మీ డీలర్లు ఇచ్చే ప్రతి కొటేషన్‌లో, వేరియంట్ పేరు పక్కనే, ధర రాసిన సైజు అక్షరాలతో, ఆ వేరియంట్ పవర్, టార్క్ రెండూ తెలుగులో రాయించండి. సీఎన్‌జీ అయితే గ్యాస్ మీద ఎంత, పెట్రోల్ మీద ఎంత అని రెండూ రాయించండి. హోర్డింగ్ మీద ప్రారంభ ధర వేస్తే ప్రారంభ ధరకు వచ్చే ఇంజన్ పవరే వేయండి. పై ఇంజన్ అంకె వేయాలనిపిస్తే దాని ధరే వేయండి. కొనేది ఏ ఇంజనో ఆ ఇంజన్ ఉన్న బండితోనే టెస్ట్ డ్రైవ్ ఇప్పించండి. పక్కన ఒక్కరే కాదు, ఇంటిల్లిపాదీ కూర్చుని, ఏసీ వేసి, నాగోల్ ఫ్లైఓవర్ మీదికో బైరామల్‌గూడ ఫ్లైఓవర్ మీదికో ఎక్కించి చూసుకోనివ్వండి. షోరూము నుంచి బయటికి వచ్చి అదే రోడ్డులో యూ టర్న్ తీసుకుని తిరిగి రావడం టెస్ట్ డ్రైవ్ కాదు. అమ్మకం చేసే పిల్లలకు ఈ రెండు అంకెలూ నోటికి వచ్చేలా నేర్పించండి. నెల టార్గెట్‌లో పై వేరియంట్లు ఇన్ని, యాక్సెసరీలు ఇన్ని అని లెక్క కట్టే మీరు, సరైన జవాబు చెప్పినవాడికి కూడా ఏదో ఒక లెక్క కట్టండి. వాళ్లూ మా బస్తీల పిల్లలే, నిజం చెప్పి అమ్మే అవకాశం ఉంటే వద్దనరు.

ప్రతి మోడల్‌లోనూ ఒక కింది వేరియంట్‌కైనా గట్టి ఇంజన్ ఇవ్వండన్నది నా రెండో కోరిక. దానికి మీకు టైము కావాలంటే అర్థం చేసుకుంటాను. ఇంజన్ మారిస్తే గేర్‌బాక్సు మారాలి, పరీక్షలు మళ్లీ చేయించాలి, అనుమతులు రావాలి. మొదటి కోరికకు మాత్రం టైము అక్కర్లేదు. రేపు ఉదయం మీ డీలర్లకు ఒక ఈమెయిల్ వెళ్తే సాయంత్రానికి కొటేషన్ ఫార్మాట్ మారుతుంది.

సంక్రాంతికి ముందు ఈ ప్రాంతంలో మీకు బేరాలు జోరందుకుంటాయి. ఆ పండక్కి ఈ బండ్లన్నీ పంతంగి టోల్‌ప్లాజా దాటి ఊళ్లకు వెళ్తాయి. చాలామందికి కొత్త కారుతో మొదటి దూర ప్రయాణం అదే. ఆ ఆఫర్ల హోర్డింగులు దిల్‌సుఖ్‌నగర్ మెట్రో స్తంభాలకు ఎక్కేలోపు, వేరియంట్ వారీగా పవర్ అంకెలు వాటి మీద ఉంటాయో ఉండవో మీలో ప్రతి కంపెనీ బహిరంగంగా చెప్పాలి. నేను పేర్లు పెట్టి అడిగాను, మీరూ మీ కంపెనీ పేరు మీదే జవాబు ఇవ్వండి. “తగిన సమయంలో పరిశీలిస్తాం” అనే కస్టమర్ కేర్ మెయిల్‌ను నేను జవాబుగా తీసుకోను.

ఇట్లు,
మలక్‌పేటకు చెందిన ఒక డ్రైవింగ్ శిక్షకుడు